సైకిల్ దారిపై వివాదం వచ్చినప్పుడు సైకిలిస్టుల తరఫున మాట్లాడటం ఎలా

నగరంలో ఒక ముఖ్యమైన రోడ్డు వెంట సైకిళ్లకు ప్రత్యేకంగా దారి వేస్తామనే ప్రతిపాదన వెలువడిన కొద్ది రోజులకే వాదప్రతివాదాలు మొదలవుతాయి. పార్కింగ్ పోతుందని దుకాణదారులు, ట్రాఫిక్ స్తంభిస్తుందని కార్లు నడిపేవారు, కాలిబాట ఇరుకైపోతుందని పాదచారులు అభ్యంతరాలు చెబుతారు. ఇవన్నీ ఎవరైనా ముందే ఊహించగలిగినవే. చర్చ అసలు చిక్కులో పడేది సమావేశంలో ఒకరు లేచి ‘సైకిలిస్టులందరూ దీన్ని కోరుకుంటున్నారు’ అని ప్రకటించి కూర్చోగానే, మరొకరు లేచి ‘నేను రోజూ సైకిల్ తొక్కుతాను, నాకు ఈ దారి అక్కర్లేదు’ అన్నప్పుడు. ఈ ఇద్దరిలో ఎవరి మాటను సైకిలిస్టుల మాటగా నమోదు చేయాలో అధికారులకు తెలియదు; అలా తెలియనప్పుడు తమకు అనుకూలంగా ఉన్న మాటనే రాసుకునే అవకాశం ఎక్కువ.

సైకిల్ క్లబ్బు తరఫున గానీ, నివాసుల సంఘం తరఫున గానీ, ఎవరి తరఫునా కాకుండా ఒంటరిగా గానీ ఇలాంటి సమావేశానికి వెళ్లబోయేవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. వాహనాల నుంచి సురక్షితంగా వేరుచేసిన సైకిల్ దారుల పక్షానే నేను ఉన్నాను. ఆ సంగతి ముందుగానే చెప్పడం న్యాయం. అయినా, లేని ఏకాభిప్రాయాన్ని ఉన్నట్టు చూపించి సాధించుకున్న దారి ఎక్కువకాలం నిలవదని నా గట్టి నమ్మకం. మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో నిజాయతీగా చెప్పి, మీతో విభేదించే సైకిలిస్టుల మాటను కూడా మీరే సమావేశం ముందు పెట్టగలిగితే, మీ మాటకు వచ్చే బలం నినాదాలతో రాదు.

పాత తగాదాలను ముందుగా తెలుసుకోండి

సైకిల్ తొక్కేవారిలోనే కొందరు సైకిల్ దారిని వ్యతిరేకించడం చూసి చాలామంది ఆశ్చర్యపోతారు, కొందరు దాన్ని ద్రోహంగా కూడా భావిస్తారు. నిజానికి ఈ విభేదం సైకిల్ దారులంత పాతది. 1934 డిసెంబరులో లండన్ పశ్చిమ భాగంలోని వెస్ట్రన్ అవెన్యూ వెంట వేసిన సైకిల్ ట్రాకును నాటి బ్రిటన్ రవాణా మంత్రి లెస్లీ హోర్ బెలీషా ప్రారంభించినప్పుడు, దాన్ని గట్టిగా వ్యతిరేకించిన వారిలో ఆ దేశపు సైకిలిస్టుల టూరింగ్ క్లబ్బు ఉంది. పక్కన ట్రాకు వేసిన మరుక్షణం నుంచి రోడ్డు మీద తమకున్న హక్కు కరిగిపోతుందని ఆ క్లబ్బు భయపడింది. 1970లలో కాలిఫోర్నియాలో జాన్ ఫారెస్టర్ ఇదే వాదనను ఒక సిద్ధాంతంగా మలిచారు. సైకిలిస్టు కూడా వాహన చోదకుడేననీ, మిగతా వాహనాలతో పాటు అవే నియమాలను పాటిస్తూ రోడ్డు మధ్యలోనే ధైర్యంగా సాగడం మేలనీ, పక్కకు నెట్టే దారులు కూడళ్ల వద్ద ప్రమాదాన్ని పెంచుతాయనీ ఆయన వాదించారు. ఆయన అమెరికా సైకిలిస్టుల జాతీయ సంఘానికి అధ్యక్షులుగా కూడా పనిచేశారు. అంటే, సైకిలిస్టుల ప్రతినిధిగా అధికారికంగా గుర్తింపు పొందిన వ్యక్తే సైకిల్ దారులకు ప్రధాన విమర్శకుడన్న మాట.

నెదర్లాండ్స్ అనుభవం ఇంకోవైపు నుంచి పాఠం చెబుతుంది. అక్కడ 1883లో సైకిలిస్టుల సంఘంగా పుట్టిన ఏఎన్‌డబ్ల్యూబీ కాలక్రమంలో ప్రధానంగా కార్ల యజమానులకు సేవలందించే పెద్ద సంస్థగా మారిపోయింది. చివరకు 1975లో, తమదే అసలైన సైకిలిస్టుల సంఘమని పేరులోనే చాటుకుంటూ కొందరు కొత్త సంఘం పెట్టుకున్నారు. పాత సంఘం అభ్యంతరం చెప్పడంతో ఆ పేరును మార్చుకోవలసి వచ్చింది. అంతకు కొద్ది ఏళ్ల ముందు, రోడ్ల మీద పిల్లల మరణాలను ఆపాలంటూ ఆ దేశపు వీధులను కదిలించిన ఉద్యమాన్ని నడిపింది ఏ సైకిల్ క్లబ్బూ కాదు, తల్లిదండ్రులు.

ఈ చరిత్ర తెలిసి ఉంటే మీకు రెండు మేళ్లు జరుగుతాయి. ట్రాకు వద్దంటున్న సైకిలిస్టును కార్ల పక్షపాతిగా కొట్టిపారేయకుండా, ఆయన భయం దేని గురించో అడగగలుగుతారు. సాధారణంగా ఆ భయం రెండు విషయాల గురించే ఉంటుంది: కూడళ్ల వద్ద ప్రమాదం, ట్రాకు ఉన్నచోట దాన్నే వాడి తీరాలనే నిర్బంధం. రెండో భయం ఊహాజనితమైనది కాదు. జర్మనీలో నీలం రంగు గుర్తు పెట్టిన సైకిల్ దారిని సైకిలిస్టులు తప్పనిసరిగా వాడాలి. స్థానిక పరిస్థితుల వల్ల ప్రత్యేకమైన ప్రమాదం ఉన్నచోట మాత్రమే అలాంటి నిర్బంధం విధించవచ్చని అక్కడి ఫెడరల్ పరిపాలనా న్యాయస్థానం 2010లో స్పష్టం చేసింది. కాబట్టి మీ ప్రతిపాదనలో ‘ఈ దారి వాడకం ఐచ్ఛికం, రోడ్డు మీద సైకిల్ తొక్కే హక్కు యథాతథంగా ఉంటుంది’ అనే వాక్యాన్ని రాతపూర్వకంగా చేర్చమని మొదటి సమావేశంలోనే కోరండి. వ్యతిరేకించే సైకిలిస్టుల్లో కొందరు ఈ ఒక్క వాక్యంతో మీ పక్కకు వస్తారు. రానివారు కూడా మీరు తమ మాట విన్నారని గుర్తుపెట్టుకుంటారు.

సమావేశానికి రానివారిని వెతుక్కుంటూ వెళ్లండి

సాయంత్రం పూట జరిగే సమావేశానికి వచ్చి, మైకు పట్టుకుని, గణాంకాలతో మాట్లాడగలిగే సైకిలిస్టులు సాధారణంగా ఒకే రకంగా ఉంటారు: తీరిక ఉన్నవారు, వేగంగా తొక్కగలిగేవారు, సైకిల్‌ను ఇష్టంతో ఎంచుకున్నవారు. బతుకుతెరువు కోసం తొక్కేవారు, బడికి వెళ్లే పిల్లలు, ట్రాఫిక్‌కు భయపడి సైకిల్‌ను మూలన పెట్టేసినవారు ఆ గదిలో కనిపించరు. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సైకిల్ వ్యవహారాల సమన్వయకర్తగా ఉన్న రోజర్ గెల్లర్ 2006లో నగర ప్రజలను నాలుగు వర్గాలుగా అంచనా వేశారు: ఎలాంటి రోడ్డు మీదైనా భయం లేకుండా తొక్కేవారు ఒక శాతం కన్నా తక్కువ, కాస్త వసతి ఉంటే ధైర్యంగా తొక్కేవారు దాదాపు 7 శాతం, తొక్కాలని ఉన్నా భయంతో ఆగిపోయినవారు సుమారు 60 శాతం, ఎట్టి పరిస్థితిలోనూ తొక్కనివారు దాదాపు మూడో వంతు. అవి ఒక నగరం గురించి అనుభవంతో వేసిన అంచనాలే గనుక ఆ అంకెలను మీ నగరానికి అంటగట్టకండి. ఆ విభజన లేవనెత్తే ప్రశ్నను మాత్రం వదలకండి: మీరు మొదటి రెండు వర్గాల తరఫున మాట్లాడుతున్నారా, మూడో వర్గం తరఫునా?

వీరిని కలవడానికి ప్రశ్నావళిని అందరికీ పంపి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే దాన్ని నింపేది కూడా సమావేశానికి వచ్చే మనుషులే. వారున్న చోటికి, వారికి వీలైన వేళకు మీరే వెళ్లాలి. తెల్లవారుజామున పనికి వెళ్లేవారు రోడ్డు దాటే కూడలి, బడి వదిలే వేళకు గేటు ముందు, సరుకులు మోసే సైకిళ్లు ఆగే చోటు, పంక్చర్లు వేసే మనిషి దగ్గర, రాత్రి షిఫ్టు ముగిసే వేళకు పనిచోటు బయట. పంక్చర్లు వేసేవారితో తప్పకుండా కాసేపు మాట్లాడండి. ఆ రోడ్డు మీద ఎలాంటి సైకిళ్లు తిరుగుతాయో, ఎక్కడి గుంతల్లో చక్రాలు వంకరపోతాయో వారికి తెలిసినంతగా ఏ సర్వేకూ తెలియదు.

‘సైకిల్ ట్రాకు కావాలా, వద్దా’ అని అడిగితే, అడిగినవారిని నొప్పించడం ఇష్టంలేక చాలామంది కావాలనే అంటారు. ఆ జవాబు మీకు ఎందుకూ పనికిరాదు. దానికి బదులు ‘ఈ రోడ్డు మీద మీరు ఎక్కడ సైకిల్ దిగి తోసుకుంటూ వెళ్తారు?’ అని అడగండి. దిగిన చోటును చూపించేటప్పుడు మనిషి అబద్ధం ఆడడు. ఒకరు వంతెన ఎక్కే చోటును చూపిస్తారు, ఇంకొకరు బస్సులు ఒరుసుకుంటూ వచ్చి ఆగే మలుపును, మరొకరు సిగ్నల్ లేని జంక్షన్‌ను చూపిస్తారు. ఆ తర్వాత ‘ఈ దారి తప్పించుకోవడానికి ఎంత చుట్టు తిరుగుతారు?’, ‘మీ పిల్లలను ఈ రోడ్డు మీద ఒంటరిగా పంపుతారా?’ అని అడగవచ్చు. జవాబులను మీ భాషలోకి మార్చకుండా వారి మాటల్లోనే రాసుకోండి. వేళ, చోటు, ఎలాంటి సైకిల్ అన్న మూడు వివరాలు పక్కన వేయండి. పేర్లు అడగకండి, అవసరం కూడా లేదు. ఇలాంటి ముప్పై నలభై జవాబులను పటం మీద చుక్కలుగా పెట్టి చూస్తే, ప్రతిపాదిత దారి ఆ చుక్కల గుండా పోతోందా, వాటిని పక్కకు వదిలేసి వెడల్పు దొరికిన చోటల్లా పోతోందా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది.

మూడు చక్రాల సైకిల్ నడిపే వికలాంగులను, బిడ్డను ముందు కూర్చోబెట్టుకుని తొక్కేవారిని, వృద్ధులను విడిగా కలవండి. వీరి సంఖ్య తక్కువ కావచ్చు. కానీ దారి వెడల్పును, మలుపుల కోణాన్ని నిర్ణయించవలసింది వీరి అవసరమే.

ఎవరి తరఫున వచ్చారో రాసి ఇవ్వండి

ప్రాతినిధ్యం గురించిన గొడవ చాలావరకు ఒక్క కాగితంతో సద్దుమణుగుతుంది. అధికారులకు మీరు ఇచ్చే వినతిపత్రంలో మొదటి పేరా మీ డిమాండ్ల గురించి కాకుండా మీ గురించి ఉండాలి: సంఘంలో సభ్యులు ఎందరు, వారిలో ఈ రోడ్డును వాడేవారు ఎందరు, నిర్ణయం ఎలా తీసుకున్నారు, ఎవరు విభేదించారు, సభ్యులు కానివారిని ఎందరిని ఎక్కడ కలిశారు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: ‘మేము ఈ నగరంలోని సైకిలిస్టులందరికీ ప్రతినిధులం కాము. మా సభ్యులతో సమావేశం జరిపి ఓటింగు ద్వారా ఈ అభిప్రాయానికి వచ్చాము. విభేదించిన సభ్యుల కారణాలను మూడో పేజీలో వారి మాటల్లోనే జతపరుస్తున్నాము. సభ్యులు కాని సైకిలిస్టులను ఈ రోడ్డు మీద నాలుగు చోట్ల కలిసి నమోదు చేసిన సమాధానాలు ఐదో పేజీలో ఉన్నాయి.’

మొదటి వాక్యం రాయడానికి చాలా సంఘాలు జంకుతాయి, అది తమ బలాన్ని తగ్గిస్తుందని అనుకుంటాయి. నేను దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఆలోచిస్తాను. ‘అందరి తరఫున’ అని రాసిన సంఘాన్ని ఇరుకున పెట్టడానికి ప్రత్యర్థులకు విభేదించే ఒక్క సైకిలిస్టు చాలు. ఆ వాదనే చేయని సంఘాన్ని అలా పడగొట్టడం సాధ్యం కాదు. మీ సభ్యులలో ఎవరికైనా ఆ రోడ్డు మీద దుకాణం గానీ ఆస్తి గానీ ఉంటే, సైకిళ్ల వ్యాపారం ఉంటే, దారి నిర్మాణపు కాంట్రాక్టుతో సంబంధం ఉంటే అది కూడా అదే కాగితంలో రాయండి.

ఎదుటివారి పేర్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2010లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ప్రాస్పెక్ట్ పార్క్ వెస్ట్ వీధి వెంట రెండు దిశల సైకిల్ దారి వేసినప్పుడు, దాన్ని తొలగించాలని 2011లో కోర్టుకు వెళ్లినవారిలో ఒక బృందం పేరుకు అర్థం ‘మెరుగైన సైకిల్ దారుల కోసం ఇరుగుపొరుగు’. పేరు చూస్తే సైకిల్ పక్షమే అనిపిస్తుంది. ఆ వ్యాజ్యం 2016 వరకు సాగి, చివరకు ఉపసంహరించుకోవడంతో ముగిసింది. దారి అక్కడే ఉంది. ఏ బృందమైనా సరే, పేరును పట్టించుకోకుండా సభ్యులెవరు, నిర్ణయం ఎలా తీసుకున్నారు, ఏ మార్పు చేస్తే ఒప్పుకుంటారు అని అడగండి. ఏ మార్పు చేసినా ఒప్పుకోనివారు డిజైన్ మీద అభ్యంతరం చెబుతున్నట్టు మాట్లాడితే ఆ సంగతి మర్యాదగా, సూటిగా ప్రస్తావించవచ్చు.

డ్రాయింగును చదవడం నేర్చుకోండి

ప్రజాభిప్రాయ సేకరణలో ఎక్కువమంది చూసేది రంగుల బొమ్మను. చెట్లు, నవ్వుతూ సైకిల్ తొక్కే కుటుంబం, ఖాళీ రోడ్డు అందులో ఉంటాయి. మీరు అడగవలసినవి అడ్డుకోత డ్రాయింగులు (రోడ్డును అడ్డంగా కోసినట్టు చూపి, ఏ భాగానికి ఎంత వెడల్పో చెప్పేవి), ప్రతి కూడలికి విడి నక్షా. అవి ఇవ్వకుండా అభిప్రాయం అడిగితే, డ్రాయింగులు అందాకే అభిప్రాయం చెబుతామని రాతపూర్వకంగా తెలియజేయండి.

మొదట వెడల్పు చూడండి. ఇంగ్లండ్‌లో 2020లో వెలువడిన ప్రభుత్వ మార్గదర్శకం 2.8 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు ఉన్న సైకిల్‌ను ప్రమాణంగా పెట్టుకుని డిజైన్ చేయమంటుంది. సరుకుల సైకిళ్లు, మూడు చక్రాల సైకిళ్లు, వెనక బండి తగిలించినవి అందులో ఇముడుతాయి. సైకిళ్ల సంఖ్య తక్కువగా ఉన్నచోట కూడా ఒక దిశ ట్రాకుకు 2 మీటర్లు ఉండాలని అది కోరుతుంది. డ్రాయింగులో 1.2 మీటర్లు మాత్రమే కనిపిస్తే, ఒక సైకిల్ ఇంకో సైకిల్‌ను దాటలేదు. నెమ్మదిగా వెళ్లే వృద్ధుల వెనక వేగంగా వెళ్లే యువకులు అసహనంతో రోడ్డు మీదికి దిగుతారు, ‘ట్రాకు వేసినా వాడటం లేదు’ అనే నింద ఆ తర్వాత అందరి మీదా పడుతుంది. రాసిన వెడల్పులో కరెంటు స్తంభాలు, చెట్లు, మురుగు కాలువ మూతలు ఎంత తింటాయో కూడా కొలవండి. కాలువ జాలీ కమ్మీలు ప్రయాణ దిశలో ఉంటే సన్నటి చక్రం వాటిలో ఇరుక్కుంటుంది. అడ్డంగా ఉండాలని రాయించండి.

తర్వాత పార్కింగ్. కారు తలుపు పూర్తిగా తెరిస్తే దాదాపు ఒక మీటరు మేర పక్కకు వస్తుంది. ఆగి ఉన్న కార్లకు ఆనుకుని గీత గీసి దాన్ని సైకిల్ దారి అంటే, సైకిలిస్టును తెరుచుకునే తలుపుల వరుసలోకి పంపినట్టే. మధ్యలో ఖాళీ పట్టీ లేని డ్రాయింగును ఒప్పుకోకండి. ఈ ఒక్క విషయంలో నేను రాజీని సమర్థించను. ఇలాంటి దారి కన్నా దారి లేకపోవడమే మేలు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం కూడళ్ల మీద పెట్టండి, ఎందుకంటే నగరంలో సైకిలిస్టును వాహనం ఢీకొనే ఘటనల్లో అధిక భాగం కూడళ్ల వద్దే జరుగుతాయి. నక్షా మీద పెన్సిల్‌తో ఒక పని చేయండి: నేరుగా వెళ్లే సైకిలిస్టు గీత ఒకటి, పక్క రోడ్డులోకి మలుపు తిరిగే లారీ వెనక చక్రాల గీత ఒకటి గీయండి. రెండూ కలిసే చోట సైకిలిస్టు డ్రైవరుకు కనిపిస్తాడా? లారీ మలుపు తిరగకముందే కనిపించాలంటే సైకిల్ దారి కూడలి వద్ద రోడ్డుకు కాస్త ఎడంగా జరగాలి, మలుపు మూల ఇరుకుగా ఉండి వాహనం వేగం తగ్గాలి, లేదా సైకిళ్లకు విడి సిగ్నల్ ఉండాలి. చాలా డ్రాయింగుల్లో ట్రాకు కూడలికి కొంత దూరం ముందే ఆగిపోయి, కూడలి దాటాక మళ్లీ మొదలవుతుంది. అంటే అవసరం లేనిచోట రక్షణ ఇచ్చి, అవసరమైన చోట వదిలేస్తున్నారు. జాన్ ఫారెస్టర్ వంటివారి విమర్శలో నిజం ఉన్నది సరిగ్గా ఇక్కడే, కాబట్టి ఈ విషయంలో ట్రాకును కోరేవారు, వద్దనేవారు కలిసి ఒకే లేఖ రాయగలుగుతారు. రోడ్డుకు ఒకే పక్కన రెండు దిశల ట్రాకు వేస్తుంటే మరింత జాగ్రత్త అవసరం. పక్క రోడ్డు నుంచి వచ్చే డ్రైవరు వాహనాలు వచ్చే వైపే చూస్తాడు గానీ, ఎదురు దిశ నుంచి సైకిల్ వస్తుందని ఊహించడు.

బస్ స్టాపుల వద్ద సైకిల్ దారి ప్రయాణికుల వెనక నుంచి పోతుందా, ముందు నుంచి పోతుందా అన్నది చూడండి. వెనక నుంచి పోయే ఏర్పాటు సైకిలిస్టుకు సురక్షితం, కానీ దృష్టిలోపం ఉన్న ప్రయాణికులు బస్సు ఎక్కడానికి సైకిల్ దారిని దాటవలసి వస్తుంది, చప్పుడు చేయకుండా వచ్చే సైకిల్ వారికి తెలియదు. దాటే చోటును ఎత్తుగా కట్టడం, పాదానికి తగిలే గుర్తుల పలకలు వేయడం, అక్కడ సైకిల్ వేగం తగ్గేలా చేయడం తప్పనిసరి. వారి సంఘంతో కలిసి ఆ స్థలానికి వెళ్లి చూడకుండా ఈ భాగం మీద సంతకం పెట్టవద్దు.

దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, ఊడ్చే బాధ్యత ఎవరిది, వాన నీరు ఎటు పోతుంది, రాత్రి వెలుతురు ఉంటుందా అన్న ప్రశ్నలు చిన్నవే గానీ రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

అంకెలు సేకరించండి, అవి ఏం చెప్పలేవో కూడా చెప్పండి

ఒక మామూలు పనిదినం ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లోనూ, ఒక సెలవు రోజునా ఒకే చోట నిలబడి లెక్కించండి. సైకిళ్ల మొత్తం సంఖ్యతో పాటు, కాలిబాట మీద తొక్కుతున్నవారు ఎందరు, ఎదురు దిశలో వస్తున్నవారు ఎందరు, పిల్లలు, స్త్రీలు, వృద్ధులు ఎందరు అన్నది వేరువేరు గడుల్లో గీతలు వేయండి. కాలిబాట మీది సైకిళ్ల లెక్క ముఖ్యమైనది, ఎందుకంటే అది పాదచారులకు కూడా సంబంధించినది. ప్రాస్పెక్ట్ పార్క్ వెస్ట్‌లో దారి వేయకముందు సైకిలిస్టుల్లో 46 శాతం కాలిబాట మీద తొక్కేవారనీ, వేశాక అది 3 శాతానికి తగ్గిందనీ నగర రవాణా విభాగం వెల్లడించింది. కాలిబాట గురించి ఆందోళన పడేవారి ముందు పెట్టవలసిన అంకె ఇదే. ఇప్పుడు సైకిళ్లు తక్కువగా తిరుగుతున్నాయని మీ లెక్కలో తేలితే దాచకండి. ఆ తక్కువ సంఖ్యను, దిగి తోసుకుంటూ వెళ్లే చోట్ల పటాన్ని పక్కపక్కనే పెట్టి కారణం వివరించండి.

దుకాణదారులతో మాట్లాడేటప్పుడు వారి భయాన్ని తోసిపుచ్చకుండా, కొనుగోలుదారులు ఎలా వస్తున్నారో కలిసి లెక్కిద్దామని ప్రతిపాదించండి. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో 2006లో వెలువడిన ఒక పరిశీలనలో, తమ కొనుగోలుదారుల్లో 41 శాతం కారులో వస్తారని దుకాణదారులు అంచనా వేయగా, వాస్తవంగా కారులో వచ్చినవారు 22 శాతమే అని తేలింది. ఆ అంకెను చూపించి వాదన గెలవాలని చూడకండి. అదే లెక్కను మీ రోడ్డు మీద, వారి దుకాణాల ముందు, వారితో కలిసి చేయండి. ఫలితం మీకు వ్యతిరేకంగా వచ్చినా ప్రకటిస్తామని ముందే మాట ఇవ్వండి. సరుకు దించే వాహనాలు ఎక్కడ ఆగాలి అనేది మాత్రం నిజమైన సమస్య. వేళలు, చోటు నిర్ణయించకుండా వదిలేస్తే ఆ వాహనాలు సైకిల్ దారిలోనే ఆగుతాయి, అందరూ నష్టపోతారు.

సమావేశంలో ఎలా మెలగాలి

అమెరికాలో ప్రభుత్వ విధానాల నిపుణురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. అడుగు మెట్ల మీద ప్రజలను నమ్మించే ప్రయత్నం తప్ప మరేమీ ఉండదు. మధ్య మెట్ల మీద సమాచారం ఇచ్చి, అభిప్రాయం అడిగి, మాట మాత్రం చెల్లనివ్వరు. పై మెట్ల మీదే నిర్ణయంలో వాటా దొరుకుతుంది. మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తొలి రోజే అడిగి తెలుసుకోండి: ‘ఈ డ్రాయింగులో మా అభిప్రాయం వల్ల మారడానికి ఇంకా అవకాశం ఉన్న అంశాలు ఏవి?’ జవాబు ‘ఏవీ లేవు’ అయితే మీ సమయాన్ని కూడళ్ల భద్రత మీద, అమలు తర్వాతి పర్యవేక్షణ మీద పెట్టవచ్చు. సలహా కమిటీలో ‘సైకిలిస్టుల ప్రతినిధి’ అని ఒకే కుర్చీ వేసి మిమ్మల్ని కూర్చోమంటే, వెంటనే ఒప్పుకోకండి. కనీసం రెండు కుర్చీలు అడగండి, రెండోది మీ సంఘంలో లేనివారికి, వీలైతే పని కోసం సైకిల్ తొక్కే మనిషికి ఇవ్వమనండి. పగటి వేళ సమావేశాల వల్ల ఆ మనిషి పని కోల్పోతే ఆ నష్టం ఎవరు భరిస్తారో కూడా అడగండి. ఇది అడగకపోతే ఆ కుర్చీ ఎప్పటికీ ఖాళీగానే ఉంటుంది. సమావేశపు మినిట్స్‌లో మీ పేరు మీద ‘సైకిలిస్టులు అంగీకరించారు’ అని రాస్తే, ఏ అంశానికి, ఏ షరతులతో అంగీకరించారో సవరించి రాయమని కోరండి.

మాట్లాడేటప్పుడు మొదట మీతో విభేదించే సైకిలిస్టుల అభ్యంతరాన్ని, వారే విని ‘అవును, మేము చెప్పేది ఇదే’ అనేంత న్యాయంగా చెప్పండి. ఆ తర్వాత డ్రాయింగులో ఏ మార్పు ఆ అభ్యంతరాన్ని తీరుస్తుందో, ఏది తీరదో చెప్పండి. తీరనిదాన్ని తీరుతుందని చెప్పవద్దు.

నిర్ణయం వెలువడిన తర్వాత

ప్రయోగాత్మకంగా కొంతకాలం వేసి చూద్దామని నగరం ప్రతిపాదిస్తే, ఎంతకాలం, ఏమేమి కొలుస్తారు, ఏ ఫలితం వస్తే ఉంచుతారు, ఏది వస్తే తీసేస్తారు అన్నవి మొదలుపెట్టక ముందే ప్రకటించమని పట్టుబట్టండి. కెనడాలోని వాంకూవర్ నగరంలో బరార్డ్ వంతెన మీద 1996లో ఒక వాహనాల లేన్‌ను సైకిళ్లకు కేటాయించిన ప్రయోగం వాహనదారుల నిరసనల మధ్య వారం రోజులకే రద్దయింది; అదే వంతెన మీద 2009లో మళ్లీ ప్రయత్నించినప్పుడు దారి నిలిచి శాశ్వతమైంది. ప్రయాణ అలవాట్లు మారడానికి వారం సరిపోదు. ఒక్క రోడ్డు మీద విడిగా వేసిన ముక్క గురించి కూడా ఇదే జాగ్రత్త చెప్పాలి. స్పెయిన్‌లోని సెవిల్ నగరం 2006 తర్వాత కొద్ది ఏళ్లలోనే వంద కిలోమీటర్లకు పైగా వేరుచేసిన దారులను ఒకదానితో ఒకటి కలిసేలా వేయడం వల్ల అక్కడ సైకిళ్ల వాడకం అనేక రెట్లు పెరిగింది. రెండు చివర్లా ఎటూ కలవని దారి నుంచి అలాంటి ఫలితాన్ని ఆశించి, అది రాకపోతే సైకిలిస్టులకు దారులు అక్కర్లేదని తీర్మానించడం అన్యాయం. ఈ మాట ప్రయోగం ముగిశాక చెబితే సాకులా వినిపిస్తుంది, కాబట్టి మొదలయ్యే ముందే రాసి ఇవ్వండి.

దారి తెరిచిన కొద్ది నెలల తర్వాత, మొదట కలిసిన చోట్లకే, అదే వేళలకు వెళ్లి అదే ప్రశ్న మళ్లీ అడగండి. ఇంకా ఎక్కడ దిగి తోసుకుంటూ వెళ్తున్నారో పటం మీద కొత్త రంగుతో గుర్తుపెట్టి, పాత పటంతో కలిపి మీ సభ్యులకు, నగర ఇంజినీర్లకు, మీతో విభేదించినవారికి ఒకేసారి అందజేయండి. సంఘం తరఫున మాట్లాడే బాధ్యతను కూడా అదే సమావేశంలో మళ్లీ ఓటుకు పెట్టండి.